పదకొండు కుళాయిలు, పంతొమ్మిది వాల్వులు

ఆ ఇంట్లో కుళాయిలు పదకొండు, వాల్వులు పంతొమ్మిది. ప్లంబరు లెక్కపెట్టి చెప్పేదాకా ఆ సంగతి ఇల్లు కొనుక్కున్న అమ్మాయికే తెలియదు.

"ఇంట్లో ఎంతమంది ఉంటారు మేడం?" అన్నాడతను, వంటింటి మూల మోకాళ్ళ మీద కూర్చుని, తల తిప్పకుండానే.

"ఇద్దరం. నేనూ, మా అమ్మా."

"ఇద్దరికి పంతొమ్మిది వాల్వులా! ఊరందరికీ నీళ్ళు ఇక్కణ్ణించే వెళ్తున్నాయేమో అనుకున్నాను."

ఆమెకి నవ్వు రాలేదు. చీపురుతో నీళ్ళు తోసి తోసి అరచేతులు మండుతున్నాయి. పైజమా అంచులు తడిసి కాళ్ళకి అతుక్కున్నాయి. ఇంట్లో చేరి నలభై రోజులు కాలేదు, హాలు చెరువు కావడం ఇది మూడోసారి. తొమ్మిదింటికి రమ్మంటే పదిన్నరకి ఊడిపడ్డ మనిషి, వచ్చీ రాగానే లెక్కలూ జోకులూ.

"లీకు ఎక్కడుందో చెప్పండి, చాలు."

అతను లేచాడు. ఒక చేతిలో రెంచి, ఇంకో చేతిలో సుద్దముక్క. రెంచి పిడితో పైపుని రెండుసార్లు తట్టి, చెవి ఆనించి విని, అరచెయ్యి పెట్టి చూసి, గోడ మీద ఒక చిన్న గుర్తు గీసి, పక్క గదిలోకి నడిచాడు. డాక్టరు రోగి వీపు మీద వేళ్ళతో తట్టి చూసినట్టే ఉంది వ్యవహారం. గంట తరవాత చేతులు తుడుచుకుంటూ వచ్చాడు.

"లీకు లేదండి."

"మరి హాల్లో మోకాలి లోతు నీళ్ళు ఆకాశంలోంచి పడ్డాయా?"

"చీలమండ లోతు. గోడ మీద తడి గుర్తుంది, చూసుకోండి." అతను నవ్వబోయి ఆమె ముఖం చూసి మానుకున్నాడు. "ఎవరో ట్యాపు తిప్పి మరిచిపోయారు. అంతే."

"మా ఇంట్లో అలా మరిచిపోయేవాళ్ళు ఎవరూ లేరు."

ఆ మాట ఎంత తొందరగా వచ్చిందంటే, అతను మొదటిసారి ఆమె ముఖంలోకి తిన్నగా చూశాడు. ప్రశ్న పుట్టకముందే తయారుగా ఉన్న జవాబు అది. ఆ సంగతి ఇద్దరికీ తెలిసింది. ఇద్దరూ చూపులు చెరోవైపు తిప్పుకున్నారు.

హాల్లోంచి అమ్మ గొంతు వినిపించింది. "చిన్నీ, ఆ అబ్బాయికి టీ ఇచ్చావా?"

గంటలో అలా అడగడం అది మూడోసారి.

"ఇచ్చారమ్మా, తాగేశాను," అన్నాడతను.

"నాకు తెలుసులే. నువ్వు ఒప్పుకుంటావో లేదోనని అడిగాను," అంది అమ్మ. అందరికంటే ముందు తనే నవ్వింది.

ముప్ఫై ఏళ్ళు లెక్కలు చెప్పిన టీచరు ఆవిడ. ఎక్కడ తప్పటడుగు పడినా దాని మీద చటుక్కున ఒక జోకు వేసి కప్పెయ్యడం ఈమధ్య అలవాటయింది. కూతురు ఆ జోకులన్నిటికీ నవ్వుతుంది. అవసరానికంటే కొంచెం ఎక్కువే నవ్వుతుంది.

చిన్ని పనిచేసేది కళ్ళజోళ్ళ షాపులో. రోజంతా చీకటి గదిలో మనుషుల కళ్ళముందు అద్దాలు మార్చి మార్చి పెట్టి "ఇది బాగుందా? ఇదా?" అని అడగడం ఆమె ఉద్యోగం. చూపు తగ్గిందని అందరికంటే ముందు తెలిసేది ఆ మనిషికే, అందరికంటే చివర ఒప్పుకునేదీ ఆ మనిషేనని ఆమెకి అనుభవం. కొందరు గోడ మీద చార్టు బట్టీపట్టి గడగడా అప్పజెప్పేస్తారు. అలాంటివాళ్ళని రెండో అక్షరం దగ్గరే పట్టేస్తుంది. ఇంట్లో మాత్రం, హాలు మునిగిన మూడుసార్లూ అమ్మ బట్టల అంచులే ముందు తడిసి ఉన్నాయని చూసి కూడా, పైపుల్లో ఏదో తేడా ఉందనే అనుకుంది. పైపుల్లో తప్పుంటే అమ్మ బాగున్నట్టు. పైపులు బాగుంటే... ఆ వాక్యాన్ని ఆమె ఎప్పుడూ చివరిదాకా వెళ్ళనివ్వలేదు.

"మళ్ళీ వెతకండి," అంది ప్లంబరుతో. "ఈ ఇంటి పైపులు మామూలుగా లేవు. మీరే అన్నారుగా."

అది నిజమే. అతను మళ్ళీ సుద్దముక్క తీశాడు.

*

షాపుకి మంగళవారం సెలవు. ఆ విధంగా ప్లంబరుకీ ఆమెకీ మంగళవారాలు కలిశాయి.

రెండో మంగళవారం అతను సరిగ్గా తొమ్మిదింటికి వచ్చాడు. ఈసారి పడగ్గదిలో కుళాయి దగ్గర ఆగాడు. మంచానికి ఎదురుగా గోడకి ఒక చిన్న సింకు, దాని మీద ఇత్తడి కుళాయి. పడగ్గదిలో కుళాయి ఎందుకో, దాని పైపు మిగతా పైపులతో కలవకుండా ఒంటరిగా మిద్దె మీదికి ఎందుకు పోయిందో అంతుపట్టలేదు.

"బట్టల్లో వేసే నీలం మందుందా?" అన్నాడు.

"ఎందుకు?"

"నీళ్ళు ఎటు పోతున్నాయో అడిగితే చెప్పవు కదా. రంగు వేసి వెంటబడాలి."

నీలం మందు సింకులో ఒంపి, వెనక గుమ్మం దగ్గర కూర్చున్నాడు. అక్కణ్ణించి ఇంటి వెనక మురుగు కాలవ కనిపిస్తోంది. అందులోకి నీలం రాలేదు. పావుగంట గడిచింది. అప్పుడు పడగ్గదిలోంచి అమ్మ కేక వేసింది.

"చిన్నీ! ఇలా రా, విచిత్రం చూద్దువుగాని!"

కుళాయిలోంచి నీలం నీళ్ళు వస్తున్నాయి. అమ్మ రెండు చేతులూ దాని కింద పెట్టి చిన్నపిల్లలా నవ్వుతోంది.

ప్లంబరు మిద్దెక్కి, గోడ వెనక దూరి, వంగి చూసి వచ్చాడు. సింకులోంచి పోయిన నీళ్ళు ఇంటి వెనక డ్రమ్ములోకి వెళ్తాయి. డ్రమ్ములో ఇసుక, బొగ్గు. అక్కణ్ణించి బొమ్మ మోటారు లాంటిది వాటిని మళ్ళీ పైనున్న చిన్న ట్యాంకులోకి తోస్తుంది. ట్యాంకులోంచి అదే కుళాయికి. రోజంతా తిప్పి వదిలేసినా ఒక్క చుక్క వృథా కాదు, ఒక్క చుక్క కొత్తగా రాదు.

"పిచ్చా ఆ పెద్దాయనకి?" అంది ఆమె. ఇల్లమ్మిన ముసలాయన అప్పటికి ఊళ్ళో లేడు. తాళాలిచ్చిన వారానికే ఎక్కడో తమ్ముడింటికి వెళ్ళిపోయాడు. ఫోను నంబరు కూడా ఎవరికీ ఇవ్వలేదు.

"పిచ్చోడు ఇంత నీటుగా జాయింట్లు వెయ్యడండి. మా మేనమామ దగ్గర నేను పదేళ్ళు పని నేర్చుకున్నాను. ఇంత శ్రద్ధగా చేసిన పని ఆయన చేతిలో కూడా చూడలేదు. ఎందుకు చేశాడో తెలియట్లేదు, అంతే."

మిద్దె మీద ట్యాంకు మూత వేస్తుండగా వాన మొదలైంది. మొదట నాలుగు చినుకులు, ఆలోచించుకుంటున్నట్టు. తరవాత ఆకాశానికి చిల్లు పడ్డట్టు. అతను పక్కనున్న ప్లాస్టిక్ టబ్బు తీసి ఆమె నెత్తిన బోర్లించి పట్టుకున్నాడు. తను తడుస్తూ నిలబడ్డాడు.

"కళ్ళజోళ్ళు అమ్మేవాళ్ళకి వైపర్లు ఉండవా?" అన్నాడు, నీళ్ళు కారుతున్న ఆమె అద్దాలు చూసి.

"మీకు ముందు కళ్ళజోడు కావాలి. ఇందాకట్నుంచీ చూస్తున్నాను, మర చుట్లు చూసేటప్పుడు ఎడమ కన్ను మూస్తున్నారు. అది బాగాలేదు."

"కుడికన్నుతో బాగానే కనిపిస్తోందిగా."

"ఏం కనిపిస్తోంది?"

టబ్బు మీద వాన దడదడ మోగుతోంది. ఆ చప్పుడులో చెప్పినా వినపడదని వదిలేశాడో, వినపడుతుందని భయపడ్డాడో ఆమెకి తెలియలేదు. కానీ మెట్లు దిగుతున్నప్పుడు, తన ఒంట్లో ఎక్కడో చాలా రోజులుగా బిగించి ఉన్నది ఒక చుట్టు వదులైనట్టు అనిపించింది. ఆ వెంటనే, అనిపించినందుకు తప్పుచేసినట్టు బాధ కలిగింది. ఇంట్లో ఒక మనిషి కొంచెం కొంచెంగా తగ్గిపోతున్నప్పుడు తనకి ఇలాంటివి అనిపించకూడదు. ఆ ఆలోచనలో తను ఏం ఒప్పుకుందో మెట్ల చివర గ్రహించి, టక్కున వేరే సంగతి ఎత్తుకుంది.

"వచ్చేవారం ఈ గందరగోళమంతా తీసెయ్యండి. అందరిళ్ళలో లాగే పదకొండు ట్యాపులకి పదకొండు వాల్వులుంటే చాలు. బాత్రూంలో వేడినీళ్ళ ట్యాపు తిప్పితే చన్నీళ్ళొస్తున్నాయి, అది కూడా చూడండి."

అతను మెట్టు మీదే ఆగాడు. "ఎందుకు పెట్టారో తెలియని వాల్వు తియ్యకూడదని మా మామయ్య అంటాడు."

"మీ మామయ్య ఈ ఇంట్లో ఉండడు. ఉండేది నేను."

*

మూడో మంగళవారం అతను ఎనిమిది వాల్వులు విప్పాడు. అన్నీ వంటింట్లో గోడకి బిగించిన ఒకే పలక మీద, నేలకి రెండున్నర అడుగుల ఎత్తున, వరసగా ఉన్నాయి. నిలబడితే వంగాలి, కింద కూర్చుంటే చెయ్యి ఎత్తాలి. ఇదేం ఎత్తు అనుకున్నాడు, అనుకుని వదిలేశాడు. వేడినీళ్ళ పైపులో ఒక చోట గట్టిగా బిరడా బిగించి ఉంది. అదీ తీశాడు. బాత్రూం కుళాయి తిప్పితే పొగలు కక్కుతూ నీళ్ళొచ్చాయి.

"చూశారా, ఎంత తేలికో!" అంది ఆమె. చాలా రోజుల తరవాత మనస్ఫూర్తిగా నవ్వింది.

ఆ నవ్వు కోసమే తీశానని అతనికి తెలుసు. పనిలో మనసు పెట్టాలి గాని మనసు కోసం పని చెయ్యకూడదన్న మాట, వాల్వులు సంచిలో వేసుకుంటుంటే తోచింది. సైకిలెక్కాక మరిచిపోయాడు.

గురువారం సాయంత్రం ఆమె ఇంటికి వచ్చేసరికి పక్కింటి పిన్నిగారు గుమ్మంలోనే ఎదురొచ్చింది. అమ్మ హాల్లో కుర్చీలో కూర్చుని ఉంది. ఎడమ చెయ్యి ముంజేతి దాకా బొబ్బలెక్కింది.

"ఏం కాలేదే. వేడినీళ్ళు కాస్త ఎక్కువ వేడెక్కాయి, అంతే," అని, ఆ మాటకి తగిన జోకు కోసం వెతికింది అమ్మ. దొరకలేదు. మొదటిసారి దొరకలేదు.

ఆస్పత్రి నుంచి వచ్చి, అమ్మని పడుకోబెట్టి, చిన్ని ప్లంబరుకి ఫోన్ చేసింది. అతను పది నిమిషాల్లో వచ్చాడు. గుమ్మం దగ్గరే మొదలుపెట్టింది.

"ఏం పనండీ మీది? వేడినీళ్ళు ఎంత వేడొస్తాయో చూసుకోవద్దా? మా అమ్మ చెయ్యి చూడండి, వెళ్ళి చూడండి!"

అతను చూశాడు. నిద్రపోతున్న ఆవిడ పక్కన కాసేపు నిలబడి, ఏమీ అనకుండా బయటికెళ్ళాడు. పక్కింటి తలుపు కొట్టడం, పిన్నిగారితో మాట్లాడటం ఆమె కిటికీలోంచి చూసింది. తిరిగొచ్చినప్పుడు అతని ముఖంలో రక్తం లేదు.

"తప్పు నాదే," అన్నాడు. "వాల్వులూ, ఆ బిరడా తియ్యకుండా ఉండాల్సింది. ఆ పెద్దాయన భార్యకి మతిమరుపు జబ్బుట. ఎనిమిదేళ్ళుట, ఆవిడ పోయేదాకా. తిప్పిన ట్యాపు కట్టడం మరిచిపోయేవారట. అందుకే ఆవిడ చెయ్యి పెట్టే ఎనిమిది ట్యాపులకీ వంటింట్లో ఇంకో వాల్వు పెట్టుకున్నాడు. అక్కడ కుర్చీ వేసుకుని కూర్చుంటే హాలు, పడగ్గది, బాత్రూం తలుపు మూడూ కనిపిస్తాయి. ఆ ఎత్తు అందుకే. కుర్చీలో కూర్చున్న మనిషి చెయ్యి ఎత్తు అది."

ఆమె తల తిప్పి వంటింటి వైపు చూసింది.

"ఆవిడ పొద్దస్తమానం చేతులు కడుక్కునేవారట. వద్దంటే ఏడ్చేవారట. ఆయన వద్దనడం మానేసి ఆ పడగ్గది ట్యాపు కట్టాడు. ఎంతసేపు కడుక్కున్నా ఎవరూ ఏమీ అనక్కర్లేకుండా." అతను ఆగి, గొంతు తగ్గించాడు. "మేడం, ఈ ఇంట్లో లీకు ఎప్పుడూ లేదు. అమ్మగారిని ఒకసారి డాక్టరుకి..."

"బయటికి నడవండి."

"నేనన్నది..."

"చెయ్యి కాల్చింది చాలక జబ్బు కూడా అంటగడుతున్నారా? మీ తప్పు కప్పిపుచ్చుకోడానికి మా అమ్మకి పిచ్చి అంటారా? నడవండి!"

అతను వెళ్ళిపోయాడు. పిచ్చి అన్న మాట అతను అనలేదు. తలుపు వేశాక ఆమెకి ఆ సంగతి గుర్తొచ్చింది. గోడల మీద అతని సుద్ద గుర్తులు అలాగే ఉన్నాయి. తడిగుడ్డ తెచ్చి ఒక్కొక్కటే తుడవడం మొదలుపెట్టి, నాలుగోదాని దగ్గర నేల మీద కూలబడింది. ఏడుపు వస్తే పని తేలికయ్యేది. రాలేదు.

*

రెండు మంగళవారాలు గడిచాయి. రోజూ షాపుకి వెళ్ళేముందు ఆమె వేడినీళ్ళ మీట ఆపి, మిద్దె మీద పెద్ద ట్యాంకు దగ్గర నీళ్ళు కట్టేసి, రెండు బకెట్లు నింపి పెట్టేది. ఎందుకు కట్టేస్తున్నావని అమ్మ అడగలేదు. ఎందుకు అడగడం లేదని ఆమె అనుకోలేదు. ఒకే చీకటిగదిలో ఇద్దరు మనుషులు, ఒకళ్ళ కాలు ఒకళ్ళు తొక్కకుండా తిరుగుతున్నట్టుంది ఆ ఇల్లు.

ఒక మధ్యాహ్నం షాపుకి ఒక పెద్దమనిషి వచ్చాడు. చార్టు అప్పజెప్పేశాడు. కింది వరస దాకా గడగడా, ఒక్క తప్పు లేకుండా. ఆమె మామూలుగా చేసేదే చేసింది. గోడ మీద చార్టు తిప్పి వేరేది పెట్టింది.

ఆయన నోరు తెరిచి అలాగే ఉండిపోయాడు. కాసేపటికి, "మా ఆవిడకి చెప్పకు తల్లీ. నేను కారు నడుపుతున్నంతసేపూ అది ధైర్యంగా పక్కన కూర్చుంటుంది," అన్నాడు.

"పక్కన కూర్చుంటున్నారా?" అంది ఆమె. "రోజూనా?"

"రోజూ. ఈమధ్య దారంతా తనే చెప్తోంది. ఎడమకి తిప్పు, లారీ వస్తోంది, ఆగు అని. ఒకటే నస."

ఆమె చేతిలో అద్దం బల్ల మీద పెట్టేసింది. పాపం, ఆవిడకి తెలుసు. ఈయనకి తెలుసు. ఇద్దరూ కలిసి ఒక కారుని కళ్ళు మూసుకుని నడుపుతున్నారు.

మేనేజరుకి తలనొప్పని చెప్పి బయటపడింది.

ప్లంబరు షాపు రెండు వీధుల అవతల. తొమ్మిదడుగుల గది, గోడల నిండా పైపు ముక్కలు, బెండ్లు, చక్రాలు. అతను బల్ల ముందు కూర్చుని ఎడమ కన్ను మూసి ఏదో మర చూస్తున్నాడు. ఆమెని చూసి లేచాడు. కూర్చోమనడానికి ఉన్నది ఒకటే స్టూలు. అది తుడిచి ముందుకి జరిపాడు.

అరలో ఎనిమిది వాల్వులు వరసగా ఉన్నాయి. ఒక్కొక్కదానికీ ఒక కాగితం ముక్క కట్టి ఉంది. హాలు, సింకు, బాత్రూం కుడివైపు.

"అమ్మెయ్యలేదా?"

"పాత సామాన్ల వాడికి ఇవ్వబుద్ధి కాలేదు."

ఆమె నిలబడే చెప్పింది. కూర్చుంటే చెప్పలేనని తెలుసు.

"నాకు ముందే తెలుసు. మీరు వచ్చిన మొదటిరోజే తెలుసు. అంతకు ముందే తెలుసు. లీకు లేదని తెలిసే మిమ్మల్ని వెతకమన్నాను. మీరు వెతుకుతున్నంతకాలం ఇంకా దొరకలేదు కదా అనుకోవచ్చని. అమ్మ చెయ్యి కాల్చింది మీరు కాదు. నేను."

"ఇద్దరం," అన్నాడతను. "మీరు అడిగారు, నేను విప్పాను. మామయ్య మాట దాటానంటే, మీరు నవ్వుతారనే దాటాను."

ఆ మాట అంత మామూలుగా అనేసరికి, అది ఏం మాటో అర్థం కావడానికి ఆమెకి కాస్త సమయం పట్టింది.

"వాల్వులు మళ్ళీ బిగించడానికి వస్తాను," అన్నాడు. "ఆ తరవాత కూడా రావాలనుంది. దానికి ఏ పైపూ కారణం కాదు."

"ఎక్కడికి రావడం?" అంది ఆమె. "ఇవాళ కుళాయి, రేపు పొయ్యి, ఎల్లుండి నా పేరు. ఎనిమిదేళ్ళన్నారు మీరే. అలాంటి ఇంటికి మనిషిని ఎలా రమ్మంటాను?"

అతను అరలోంచి ఒక వాల్వు తీసి, దాని మీద దుమ్ము తుడిచాడు.

"పదిహేను రోజులుగా ఒకటే ఆలోచిస్తున్నాను. ఆ పెద్దాయన ఆ కుర్చీలో ఎనిమిదేళ్ళు కూర్చున్నాడు కదా. మధ్యలో నిద్రొస్తే? జ్వరమొస్తే? లేచినప్పుడు ఆ కుర్చీలో ఎవరు కూర్చున్నారా అని. ఎవరూ లేరు. పిన్నిగారిని అడిగాను. ఎవరూ లేరట."

ఇన్నాళ్ళూ రాని ఏడుపు అప్పుడొచ్చింది. అతను ఓదార్చలేదు, దగ్గరికి రాలేదు. షట్టరు సగం దించి, రోడ్డు మీద వాళ్ళకి కనపడకుండా అడ్డంగా నిలబడ్డాడు.

ఆమె ముఖం తుడుచుకున్నాక, "ఇంకోటుంది," అన్నాడు ఇబ్బందిగా. "మీ అమ్మగారు పోయినవారం నాకు ఫోన్ చేశారు. ఒక మాట చెప్పారు. మీకు చెప్పనని మాట తీసుకున్నారు. మీరే ఇంటికెళ్ళి అడగండి."

ఏం మాటో ఆమె అడగలేదు. ఫోన్ చేశారన్నప్పుడే అర్థమైంది.

*

అమ్మ పడగ్గదిలో ఉంది. కట్టు లేని చేతిని కుళాయి కింద పెట్టి, పారే నీళ్ళు చూస్తోంది. కూతురు వెళ్ళి పక్కనే నిలబడింది.

"అమ్మా, నాకు తెలుసు."

"ఏది?"

"కుళాయిలు."

అమ్మ నీళ్ళలోంచి చెయ్యి తియ్యలేదు. "ఎప్పట్నించి?"

"మొదటిసారి హాలు మునిగినప్పట్నించి."

"నాకు దానికంటే ఆర్నెల్ల ముందు నించి. నీకంటే నేనే ఫస్టు." జోకు బాగానే ఉంది, కానీ ఇద్దరూ నవ్వలేదు. "డాక్టరు దగ్గరికి ఒక్కదాన్నే వెళ్ళొచ్చాను. కాగితాలు బీరువాలో పుస్తకాల వెనక పెట్టాను. ఏ పుస్తకాలో అడక్కు."

"నాకెందుకు చెప్పలేదే అమ్మా?"

"నువ్వు ఎందుకు చెప్పలేదు?"

నీళ్ళు పారుతున్నాయి. వెనక గోడలో బొమ్మ మోటారు సన్నగా గుర్రుమంటోంది.

"ఈ ఇల్లే కొనాలని నేను పట్టుబట్టాను, గుర్తుందా? నువ్వేమో షాపుకి దగ్గరగా ఉందని ఆ రెండు గదుల ఫ్లాటు కావాలన్నావు," అంది అమ్మ. "ఇల్లు చూడ్డానికొచ్చిన రోజు నువ్వు మిద్దె మీదున్నావు. ఆ పెద్దాయన నా ముఖం చూసి కనిపెట్టేశాడు. ఎనిమిదేళ్ళు ఒకళ్ళని చూసిన కళ్ళు కదా. నన్ను కూర్చోబెట్టి అన్నీ చెప్పాడు. ఏ వాల్వు దేనికి, ఎప్పుడు కట్టాలి, వేడినీళ్ళకి బిరడా ఎందుకు. పూసగుచ్చినట్టు చెప్పాడు. మీ అమ్మాయికి కూడా చెప్పనా అన్నాడు. వద్దు, నేనే చెప్తానన్నాను."

"మరి?"

"మరిచిపోయానే."

అమ్మ కుళాయి వైపు తిరిగి, దాన్ని కట్టబోయి, చెయ్యి దాని మీద పెట్టి ఆగిపోయింది.

"కాగితం ఇస్తానన్నాడు ఆయన. లెక్కల టీచర్ని, నాకు కాగితమెందుకండీ అన్నాను. గర్వం! ఆ రోజు బాత్రూంలో వేడి తెలిసిందే చిన్నీ. మండుతోందని బాగానే తెలిసింది. ఎటు తిప్పితే ఆగుతుందో, అది రాలేదు. ఎంత ఆలోచించినా రాలేదు."

చెయ్యి వెనక్కి లాక్కోవచ్చు కదమ్మా అని చిన్ని అడగలేదు. అమ్మ చేతి మీద తన చెయ్యి వేసి, కుడివైపుకి తిప్పింది. నీళ్ళు ఆగాయి. తల్లీ కూతుళ్ళు ఒకరినొకరు పట్టుకుని చాలాసేపు అలాగే నిలబడ్డారు. ఎవరు ఎవరిని ఓదారుస్తున్నారో చూసేవాళ్ళకి తెలియదు. చూసేవాళ్ళు ఎవరూ లేరు కాబట్టి ఫరవాలేదు.

*

మంగళవారం అతను సంచీ భుజాన వేసుకుని ఎనిమిదిన్నరకే వచ్చాడు. వంటింట్లో పలక ముందు ముగ్గురూ కూర్చున్నారు. అమ్మ ఒళ్ళో పాత లెక్కల నోటుపుస్తకం. అతను ఒక్కొక్క వాల్వు బిగించి "ఇది హాలు" అంటే, ఆవిడ గుండ్రటి టీచరు అక్షరాలతో "1. హాలు" అని రాసింది. నాలుగోదాని దగ్గర "ఇది ఎన్నోది?" అని అడిగింది. "నాలుగు," అన్నారిద్దరూ ఒకేసారి. ఎవరూ జోకు వెయ్యలేదు. వెయ్యాల్సిన పని లేకపోయింది.

ఎనిమిదోది బిగించి వేడినీళ్ళకి బిరడా పెట్టేసరికి మధ్యాహ్నమైంది. అమ్మ పుస్తకం మూసి, కళ్ళజోడు తీసి, అతన్ని ఎగాదిగా చూసింది.

"పని అయిపోయిందా?"

"అయిందమ్మా."

"వెళ్ళవేం మరి?"

అతను రెంచి వైపు చూశాడు. చిన్ని కిటికీ వైపు చూసింది.

"ఇద్దరూ దొంగచూపులు బాగానే నేర్చారు. మతి పోతోంది గాని నాకు చూపు పోలేదు." అమ్మ గొంతులో బడిలో ఉన్నప్పటి కరుకుదనం వచ్చింది. "ఏమయ్యా, మా అమ్మాయి అంటే ఇష్టమేనా?"

"ఇష్టమేనండి."

"ఇదంతా తెలిసేనా?"

"ఒక్కొక్క పైపూ తెలుసండి."

"నువ్వేమంటావే?"

చిన్నికి చాలా అనాలని ఉంది. ఇప్పుడే ఎందుకు, ముందు మందులు మొదలుపెడదాం, కొన్నాళ్ళు ఆగుదాం. చార్టు బట్టీపట్టినట్టు అన్నీ వరసగా నాలుక మీద ఉన్నాయి. వాటిని పక్కన పెట్టేసరికి మిగిలిన మాట చాలా చిన్నది.

"ఊఁ," అంది.

"అయితే ఆలస్యం చెయ్యకండి," అంది అమ్మ. "పెళ్ళికి నేను కూర్చుంటే చాలదు. ఎవరి పెళ్ళో నాకు తెలియాలి."

అతనే గొంతు సవరించుకున్నాడు. "వచ్చే నెల అనుకుందామా అమ్మా?"

అమ్మ వేళ్ళ కణుపుల మీద లెక్క వేసుకుంది. పెదాలు కదిలాయి. మధ్యలో ఒకచోట తప్పింది, మళ్ళీ మొదటినుంచి వేసుకుంది. ఇద్దరూ ఊపిరి బిగబట్టి చూస్తున్నారు.

"వచ్చే వారం," అంది.